కుదురుగా కూర్చున్న పిల్లవాడు

(నెల్లూరులో పిల్లల వైద్యులు, మానసిక వైద్యుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

 చివరి వరుసలో కూర్చున్న హెడ్మాస్టర్లను ఈ సభకు పిలవమని అడిగింది నేనే. ఎందుకు అడిగానో కాసేపట్లో చెబుతాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ఏడీహెచ్‌డీ వైద్యంలో కొత్త సంగతులు’. నిజం చెప్పాలంటే మందుల్లో మనకు పనికొచ్చే కొత్త సంగతులు పెద్దగా లేవు. మనం ఈ రోజుకీ మొదట రాసే మిథైల్‌ఫెనిడేట్‌ను స్విట్జర్లాండులోని సీబా కంపెనీలో 1944లో తయారుచేశారు. మన సభలో సగం మంది తల్లిదండ్రుల కంటే అది వయసులో పెద్దది. అందుకని మందుల సంగతి పక్కనపెట్టి, ఈ జబ్బును మనం ఎలా నేర్చుకుంటున్నాం, నేర్చుకున్నది ఎటు పోతోంది అన్న విషయం మాట్లాడతాను.

స్మారక నిధి ఉపన్యాసాలకూ ఈ జబ్బుకూ పాత చుట్టరికం ఉంది. థియొడోర్ గూల్‌స్టన్ అనే లండన్ డాక్టరు 1632లో చనిపోతూ అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఏటేటా ఉపన్యాసాలు జరిగేలా డబ్బు రాసిపోయాడు. కాలేజీ సభ్యుల్లో బాగా చిన్నవాళ్ళైన నలుగురిలో ఒకరే మాట్లాడాలన్నది నియమం. (మనం మాత్రం రిటైరైనవాళ్ళను వెతికి పట్టుకొస్తాం.) ఆ నిధి కింద 1902లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే పిల్లల డాక్టరు మూడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేదు, ఇంట్లో పెంపకానికీ లోటు లేదు, అయినా తమను తాము ఆపుకోలేని పిల్లల గురించి చెప్పాడు. దాన్ని నైతిక నిగ్రహ లోపం అన్నాడు. ఈ రోజు ఆ మాట మనకు మింగుడు పడదు గానీ, ఆయన రాసిన కేసులు చదివితే మన ఓపీలో కూర్చున్న పిల్లలే కనిపిస్తారు. ఉపన్యాసాలు లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి, అందరూ చదివారు. ముప్ఫై అయిదేళ్ళు ఆ పిల్లలకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

1937లో కదలిక వచ్చింది, అదీ ఇంకో దారిన. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో బ్రాడ్లీ హోమ్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ, వెన్నులో సూది గుచ్చి చేసే పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పికి పనికొస్తుందేమోనని పిల్లలకు బెంజిడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. బడిలో టీచర్లు మాత్రం వచ్చి, పిల్లలు కూర్చుని లెక్కలు చేస్తున్నారని చెప్పారు. పిల్లలే ఆ మందుకు లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారట. ఈ కథలో నన్ను పట్టి ఆపేది మాత్ర కాదు. మందు పనిచేసిందని డాక్టరుకు తెలిసింది టీచరు చెబితేనే.

ఇక మన గదిలోకి వద్దాం. ఇందుకూరుపేట నుంచో, అల్లూరు నుంచో ఒక తల్లి ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకొస్తుంది. ‘నిమిషం కుదురుండడు సార్, స్కూల్లో టీసీ ఇచ్చి పంపించేస్తామంటున్నారు, తాయెత్తు కట్టించాం, దిష్టి తీయించాం’ అంటుంది. మనం వాడి వంక చూస్తాం. కొత్త గది, ఏసీ చల్లదనం, తెల్లకోటు, గోడ మీద బొమ్మలు. వాడు పది నిమిషాలూ బుద్ధిమంతుడిలా కూర్చుంటాడు. ‘బాగానే ఉన్నాడమ్మా, మగపిల్లలు కాస్త అల్లరి చేస్తారు’ అని మల్టీవిటమిన్ రాసి పంపుతాం. ఏడీహెచ్‌డీ పిల్లలు కొత్త చోట, ఒక్క మనిషి తమనే చూస్తున్నప్పుడు, కాసేపు ఇలాగే ఉంటారన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతే. మనకు పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులు కూడా వచ్చాయి.

మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 చెప్పే నియమాల్లో లక్షణాల లెక్క అందరికీ నోటికొచ్చు. తొమ్మిదింట్లో ఆరు ఉండాలి, ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. దాని పక్కనే ఇంకో నియమం ఉంది. లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలి. ఇల్లు, బడి. ఆ రెండు చోట్లలో మన కన్సల్టింగ్ గది లేదు. అంటే, మన గదిలో మనమే చూసి తేల్చడానికి వీల్లేని జబ్బు ఇది. గుండె చప్పుడు మన చెవికి వినపడుతుంది, ఈ పిల్లవాడి రోజు మాత్రం ఇంకొకరు చెబితే తప్ప మనకు తెలియదు. వైద్యమంతా గది బయట ఉన్నవాళ్ళ నోటి మీద ఆధారపడినప్పుడు, ఆ వైద్యం నేర్పే చదువు హోటల్ హాల్లో మనమే మనతో మాట్లాడుకునేదిగా ఎలా ఉంటుంది? ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని వివరణ.

అమెరికాలో ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం 1999లో అచ్చయింది. ఏడు నుంచి పదేళ్ళలోపు పిల్లలు 579 మందిని నాలుగు గుంపులు చేసి పద్నాలుగు నెలలు చూశారు. ఒక గుంపుకు జాగ్రత్తగా మందు, ఒక గుంపుకు ప్రవర్తన శిక్షణ, ఒక గుంపుకు రెండూ. నాలుగో గుంపును ఊళ్ళోని తమ మామూలు డాక్టర్ల దగ్గరే వదిలేశారు. జాగ్రత్తగా మందిచ్చిన గుంపుకూ, రెండూ ఇచ్చిన గుంపుకూ లక్షణాలు బాగా తగ్గాయి. మన సీఎంఈల్లో, అంటే డాక్టర్ల నిరంతర విద్యా సమావేశాల్లో, స్లైడు ఇక్కడితో ఆగిపోతుంది, దాని కింద ఏదో ఒక బ్రాండు పేరు వెలుగుతుంది. ఆగకుండా చదివితే అసలు విషయం దొరుకుతుంది. ఊరి డాక్టర్ల దగ్గర వదిలిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది కూడా అవే తరహా మందులు వాడారు. అయినా వాళ్ళ ఫలితం వెనకబడింది. తేడా ఎక్కడ? అధ్యయనంలోని డాక్టర్లు పిల్లవాణ్ణి నెల నెలా అరగంటసేపు చూశారు, నెల నెలా టీచరును అడిగారు, దాన్నిబట్టి మోతాదు దిద్దారు. ఊరి డాక్టర్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు చూశారు, టీచరును అడగనే లేదు, మోతాదు తక్కువగానే ఉండిపోయింది.

ఇదే అధ్యయనం మూడేళ్ళు గడిచాక గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయని కూడా చెప్పింది. కొత్తగా మందు మొదలెట్టిన పిల్లలు, మందు వాడని పిల్లల కంటే రెండు సెంటీమీటర్లు తక్కువ ఎదిగారనీ, బరువు రెండు కిలోలకు పైగా తక్కువ పెరిగారనీ చెప్పింది. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు ప్రతిసారీ రాసుకోవాలన్నది అందుకే. మన పిల్లల ఓపీలో బరువు చూడని రోజుండదు, ఎత్తు చూసే రోజే ఉండదు. మందు వల్ల మధ్యాహ్నం సరిగా తినని పిల్లవాడు రాత్రి ఎనిమిదింటికి ఆకలని ఏడుస్తాడని తల్లికి ముందే చెప్పి పంపితే, రెండో వారానికే మందు మానేయరు.

అమెరికా డాక్టర్లు మనకంటే మెరుగని ఎవరైనా అనుకుంటే, ఒహాయో రాష్ట్రంలో జెఫ్రీ ఎప్‌స్టైన్ బృందం 2014లో అచ్చువేసిన లెక్క చూడాలి. యాభై క్లినిక్కుల్లో కేసు షీట్లు తిరగేశారు. రోగనిర్ధారణ సమయంలో తల్లిదండ్రుల, టీచర్ల ఫారాలు తీసుకున్నది సుమారు సగం మంది పిల్లలకే. మందు మొదలెట్టాక ఎలా ఉందో ఫారంతో మళ్ళీ అడిగింది పదిమందిలో ఒకరి విషయంలో. మార్గదర్శకాలు వాళ్ళ బీరువాల్లోనూ ఉన్నాయి. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2017లో ఏకాభిప్రాయ ప్రకటన అచ్చువేసింది, అది అందరి ఫోన్లలోనూ ఉంది. ఫోన్లో ఉన్నది చేతిలోకి రావడమే కష్టం.

ఎందుకు రాదో పరిశోధించినవాళ్ళూ ఉన్నారు. 1999లో డేవ్ డేవిస్ బృందం డాక్టర్ల సమావేశాల మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి చూసింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినే పద్ధతి వల్ల డాక్టరు చేసే పనిలో మార్పు కనిపించలేదు. తామే చేసి చూసే పద్ధతిలో కొంత కనిపించింది. 2009లో కాక్రేన్ సంస్థ 81 ప్రయోగాలు కూడేసరికి, సమావేశాల వల్ల కోరుకున్న పద్ధతిలో వైద్యం చేయడం నూటికి ఆరు వంతులు పెరిగిందని తేలింది. ఆరు అంటే సున్నా కాదు. కానీ ఈ ఉపన్యాసం వల్ల మీకేం ఒరుగుతుందో మీరే లెక్క కట్టుకోవచ్చు.

మనకున్న నియమం గంటల్ని లెక్కపెడుతుంది. 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం డాక్టరు అయిదేళ్ళలో 30 గంటలు ఇలాంటి చదువుకు వెచ్చించాలి. గంటలు కూడితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవుతుంది. ఆ ముప్ఫై గంటలూ మోకాలి ఆపరేషన్ గురించి విన్నా పిల్లల డాక్టరుకు సరిపోతుంది. సంతకం పెట్టి, బ్యాగు తీసుకుని, భోజనం చేసి వెళ్ళిపోయినవాళ్ళకూ, చివరిదాకా కూర్చుని ప్రశ్నలడిగినవాళ్ళకూ ఒకటే క్రెడిట్. ఇక భోజనం ఎవరిది అన్న ప్రశ్న. మందుల కంపెనీల మార్కెటింగ్ మీద కేంద్రం 2024 మార్చిలో నియమావళి తెచ్చింది, విదేశీ యాత్రలూ కానుకలూ కూడదంది. అంతకు ముందు ఏడాది నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన కఠిన నిబంధనల్ని మూడు వారాల్లోనే నిలిపేశారు. నేను కంపెనీలను తిట్టడానికి రాలేదు. కంపెనీ డబ్బిస్తే చెప్పే పాఠం మాత్ర చుట్టూ తిరుగుతుంది, అంతే. టీచరుకిచ్చే ఫారానికి స్పాన్సర్ ఎవరూ రారు.

ఇప్పుడు మన నెల్లూరు తీరం సంగతి. హైదరాబాదు స్లైడ్లలో ఇది ఉండదు కనుక కాస్త నిదానంగా చెబుతాను. విడవలూరు, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల గుంటల కాపలాకు తండ్రి వెళితే, రాత్రి అన్నం మోసుకెళ్ళే పిల్లవాడు గుంట గట్టు మీదే పడుకుంటాడు. ఏరేటర్ల మోత తెల్లవార్లూ ఉంటుంది. మర్నాడు క్లాసులో వాడు కునుకు తీయడు, గంతులేస్తాడు. నిద్ర చాలని పెద్దవాళ్ళు మగతగా ఉంటారు, పిలకాయలు రెచ్చిపోతారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు, ఎక్కడ పడుకుంటాడు, గురక పెడతాడా అని అడగకుండా ఫారం నింపితే లక్షణాలన్నీ సరిపోతాయి, జబ్బు మాత్రం ఉండదు. గురక పెట్టేవాడి టాన్సిల్స్ చూడాలి. చూపు, వినికిడి చూడాలి. రక్తహీనత చూడాలి. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి మళ్ళీ మామూలయ్యే పిల్ల అశ్రద్ధ పిల్ల కాకపోవచ్చు, అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. ఇంట్లో తాగుడూ కొట్లాటా ఉన్నా, 2004 సునామీ లాంటి ఉత్పాతం తర్వాతా, పిల్లలు ఇలాగే ఉలికులికి పడుతూ, దేని మీదా మనసు పెట్టలేక తిరుగుతారు.

ఇంకోటి, మన దగ్గర పుట్టినరోజు. బళ్ళో వేయడానికి ఏడాది పెంచి రాయించడం మనకు కొత్త కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూశారు. అక్కడ డిసెంబరు 31 హద్దు. డిసెంబరులో పుట్టి క్లాసులో అందరికంటే చిన్నవాళ్ళైన మగపిల్లలకు, జనవరిలో పుట్టినవాళ్ళ కంటే ఈ జబ్బు ముద్ర నూటికి ముప్ఫై వంతులు ఎక్కువగా పడింది. ఆడపిల్లల్లో డెబ్భై వంతులు. అక్కడ తేదీలన్నా నిజం. మన దగ్గర ఆధార్ కార్డులో ఆరేళ్ళున్న పిల్లవాడికి తల్లి లెక్కలో నాలుగున్నర ఉండవచ్చు. ‘ఏ పండగ ముందు పుట్టాడమ్మా’ అని అడిగితే నిజం బయటికొస్తుంది. ఆ ప్రశ్న ఏ అంతర్జాతీయ ఫారంలోనూ లేదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. గంతులేయని, బల్ల కింద పెన్సిలు పారేసుకునే, పిలిస్తే మూడోసారికి పలికే పిల్లను బడి భరిస్తుంది. ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకురారు. పదో తరగతి తప్పాక రొయ్యలు ఒలిచే పనిలోకి పోతుంది, ‘దానికి చదువు ఎక్కలేదు’ అంటారు. దీనికి సరిగ్గా ఎదురు కొసన, ఆరో తరగతి నుంచే ఐఐటీ అంటూ హాస్టల్లో పద్నాలుగు గంటలు కూర్చోబెట్టిన పిల్లవాణ్ణి తీసుకొచ్చి, ‘కాన్‌సంట్రేషన్ మాత్ర ఏదైనా రాయండి సార్’ అనే తండ్రులున్నారు. ఈ ఊళ్ళో వాళ్ళను చూడని డాక్టరు ఉండడు. ఆ కూర్చోలేకపోవడం పిల్లవాడి ఆరోగ్యానికి గుర్తు.

మనలో చాలామంది అనుమానం రాగానే కేసును మద్రాసు పంపిస్తాం. నూట డెబ్భై అయిదు కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికో, మద్రాసు కాదంటే వేలూరు సీఎంసీకో పోయి చీటీతో వస్తారు. ఇక్కడ చిక్కు మొదలవుతుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మడానికి దుకాణానికి విడిగా లైసెన్సు ఉండాలి, డాక్టరు రెండు ప్రతుల్లో చీటీ రాయాలి, ఒక ప్రతి దుకాణంలో రెండేళ్ళు దాచాలి. ఆ తలనొప్పి ఎందుకని చిన్న ఊళ్ళలో చాలామంది తెప్పించరు. నెల మందు అయిపోగానే తండ్రి చేపల వేట మానుకుని మళ్ళీ రైలెక్కాలి. రెండో నెల ఎక్కుతాడు, మూడో నెల ఎక్కడు. ‘మందు పనిచేయలేదు’ అని మన కేసు షీట్లో పడుతుంది. ఆటమోక్సెటిన్‌కు ఈ బెడద లేదు, కానీ దాని ఫలితం కనపడటానికి వారాలు పడుతుందని చెప్పకపోతే దానికీ అదే గతి. మందుల దుకాణదారు కూర్చోని సీఎంఈలో ఈ విషయం ఎవరు చర్చిస్తారు?

ఇలాంటి చదువు నెల్లూరుకు తెలియనిది కాదు. కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారి సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి ఈ ఊళ్ళో ప్రజా వైద్యశాల నడిపారు. వైద్యంతో పాటు, పల్లెలకు వెళ్ళి పనిచేసే కుర్రాళ్ళను రోగి మంచం పక్కనే నిలబెట్టి తయారుచేశారు. అల్లోపతీ డిగ్రీ లేనివాళ్ళకు అలా నేర్పవచ్చా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, నేను దాంట్లోకి పోను. రోగి ఎదురుగా ఉండగా నేర్చుకున్నది నిలుస్తుందన్న ఆయన పద్ధతి మీద మాత్రం నాకు వాదన లేదు. 2003లో అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో దాదాపు ఇదే పని వీడియోలో చేస్తుంది. దూరపు ఊళ్ళో డాక్టరు తన కేసునే తెచ్చి అందరి ముందు పెడతాడు, పెద్ద ఆసుపత్రి నిపుణులు దాని మీద మాట్లాడతారు, వారం వారం కొనసాగుతుంది. అక్కడది కాలేయపు జబ్బుకు మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య శిక్షణలో ఈ పద్ధతిని వాడుతోంది. కావలిలో కూర్చున్న డాక్టరుకు మద్రాసు రైలు కంటే ఇది దగ్గర.

పనిముట్లు కూడా లేకపోలేదు. ఇన్‌క్లెన్ సంస్థ మన దేశపు పిల్లల కోసమే ఏడీహెచ్‌డీ నిర్ధారణ సాధనం తయారుచేసి 2014లో అచ్చువేసింది. ఆ బృందమే అయిదు ప్రాంతాల్లో ఇలాంటి ఇబ్బందులున్న పిల్లల్ని ఇంటింటికీ వెళ్ళి లెక్కించింది. అందులో హైదరాబాదు ఒకటి. కేంద్రం 2013లో మొదలెట్టిన బాలల ఆరోగ్య పరీక్షల కార్యక్రమంలో వెతకవలసిన ముప్ఫై స్థితుల్లో ఈ జబ్బు కూడా ఉంది. 2016 వికలాంగుల చట్టంలో మాత్రం దీని పేరు విడిగా లేదు. చదువులో ప్రత్యేక ఇబ్బందికి ఉన్న చోటు దీనికి లేదు. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం కావాలని వచ్చే తల్లిదండ్రులకు ఈ తేడా తెలిసి చెప్పగలగాలి.

అందువల్ల నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఉపన్యాసం మానేయండి. ఆ డబ్బుతో ఏడాది పొడవునా నెలకొక సాయంత్రం పెట్టండి. చేరేవాళ్ళు తలా అయిదుగురు పిల్లల కేసు షీట్లు తేవాలి, పేర్లు కొట్టేసి. టీచరు ఫారం ఉందా, ఎత్తు రాశారా, రెండోసారి వచ్చారా, వస్తే మోతాదు మారిందా. ఈ నాలుగే చూద్దాం. ఆర్నెల్లకు అవే షీట్లు మళ్ళీ చూద్దాం. ప్రతి సాయంత్రానికీ ఇద్దరు టీచర్లు ఉండాలి, ఒకసారైనా మందుల దుకాణదారు ఉండాలి. హెడ్మాస్టర్లను ఇవాళ పిలిపించింది ఈ మాట వాళ్ళ ముందే అనడానికి. ఒక్క టీచరు నలభై మందిని చూస్తూ మన ఫారం కూడా నింపాలంటే, అది ఒక పేజీ దాటకూడదని వాళ్ళే మనకు చెబుతారు.

తల్లిదండ్రుల శిక్షణకు కూడా తేదీలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మిగతా ఏడాదంతా దొరకని తండ్రులు ఇంటి పట్టున ఉంటారు. ఆరేళ్ళలోపు పిల్లలకు మందు కంటే ముందు తల్లిదండ్రులకు నేర్పాలని మార్గదర్శకాలు అంటున్నాయి. మైపాడులోనో, ఇసకపల్లెలోనో ఆ రెండు నెలల్లో కూర్చోబెట్టి నేర్పవచ్చు. ఆ రోజుల్లో చాలావరకు బడులు మూసేసి ఉంటాయి కనుక టీచర్ల ఫారాలు మార్చిలోపే తెప్పించుకోవాలి.

ఇలాంటి నెలవారీ సాయంత్రాలకు క్రెడిట్ గంటలు కావాలంటే మెడికల్ కౌన్సిల్‌కు ముందే దరఖాస్తు పెట్టాలి. హాలు, వక్త, అంశం అని మామూలుగా అడిగే వివరాల్లో మన కేసు షీట్ల సంగతి ఎక్కడ ఇమడ్చాలో నాకింకా తెలియలేదు. చిత్తు ప్రతి ఒకటి రాసి బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంచాను. భోజనానికి వెళ్ళేటప్పుడు చూసి, చేరదలచుకున్నవాళ్ళు పేరుతోపాటు తమ దగ్గరికి పిల్లలు ఏయే బడుల నుంచి వస్తున్నారో కూడా రాయండి.